కొనేముందు బాబాయ్‌ని పిలవమంది అమ్మ

ఇంతకన్నా మంచి అద్దాలు లేవని అమ్మకి చెప్పాల్సిన పని నా మీదే పడింది. ఇరవై రెండేళ్ళుగా నేను కళ్ళద్దాల షాపులో పని చేస్తున్నాను. ఎవరి కళ్ళకి ఎంత పవరు వేస్తే ఎంత కనిపిస్తుందో నాకు తెలుసు. అమ్మ గడ్డాన్ని ఆ ఇనుప చట్రం మీద ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చి చూశాను. ప్రతిసారీ ఆమె ఒకే మాట అంది.

"పక్కన కనిపిస్తోందే. నేను చూడాలనుకున్న చోటే లేదు."

డాక్టర్ కూడా అదే చెప్పాడు. కంటి లోపలి పొర నడిమధ్యలో పలచబడిపోయిందట. చూపు మొత్తం పోదుగానీ, ఇక చిన్న అక్షరాలతో కుదరదు.

అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పని చేసింది. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో తీగలు గుచ్చుతూ తీస్తూ, ఊళ్ళకి ఊళ్ళనే కలిపింది. రిటైర్ అయ్యాక ఆమెకి మిగిలిన ఒకే ఒక్క పెద్ద పని నవలలు చదవడం. మధ్యాహ్నం భోజనం అయ్యాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే, వెలుతురు తగ్గేదాకా లేచేది కాదు. ఇప్పుడు భూతద్దం పట్టుకుని ఒక్కో మాటా వెతుక్కుంటోంది. ఒకరోజు నేను షాపు నుంచి తొందరగా వచ్చేసరికి పుస్తకం ఒళ్ళో మూసిపెట్టుకుని కూర్చుంది.

"వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నానే. వాడెవడో దాన్ని ప్రేమించాడో తిట్టాడో కూడా తెలియట్లేదు" అంది. నవ్వింది గానీ, అది నవ్వు కాదు.

అప్పుడే నేను ఈ-రీడర్ మాట ఎత్తాను. ఫోన్‌లా కళ్ళలోకి వెలుగు కొట్టదనీ, కాగితం చూస్తున్నట్టే ఉంటుందనీ, అక్షరం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చనీ, వేల పుస్తకాలు పడతాయనీ చెప్పాను.

"వేలెందుకు? ఒకటి పూర్తిచేస్తే చాలు నాకు. ఎవరు చేస్తారు దాన్ని?"

"రెండు కంపెనీలున్నాయమ్మా. ఒకటి పెద్దది, ఎక్కడ చూసినా దాని ప్రకటనలే. ఇంకొకటి చిన్నది. మొదలుపెట్టి ఆరేళ్ళో ఏడేళ్ళో అయింది."

"ఎలాంటివాళ్ళు?"

"కొన్నవాళ్ళు బాగుందనే రాశారు. పెద్దదానికి అయిదుకి నాలుగున్నర చుక్కలు..."

"చుక్కలు నువ్వే ఉంచుకో. కొన్నవాళ్ళు వస్తువు గురించి చెప్తారు. అమ్మేవాళ్ళ గురించి ఎవరు చెప్తారు? మీ బాబాయ్‌ని పిలువు."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఇంట్లో పుస్తకాలు కొనే విషయంలో బాబాయ్‌ని సలహా అడగడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారి. దానికి కారణం ఉంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బాబాయ్ ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. పుస్తకాలు అంటే ఒకటే పుస్తకం, పది సంపుటాల విజ్ఞాన సర్వస్వం. నాన్నకి తమ్ముడు, అప్పటికి పెళ్ళి కాలేదు. రెండు వీధుల అవతల అద్దె గదిలో ఉండేవాడు, భోజనానికి మా ఇంటికి వచ్చేవాడు. చేతిలో ఎప్పుడూ గోధుమరంగు సూట్‌కేస్ ఉండేది కాబట్టి నేను సూట్‌కేస్ బాబాయ్ అనేదాన్ని. అందులో మొదటి సంపుటం ఒకటి, రంగుల కరపత్రాల కట్ట, మడత పెట్టిన పొడుగాటి అట్ట ఉండేవి. ఆ అట్టని ఒక్కసారి విదిలిస్తే పది పుస్తకాల వెన్నులు, ఎర్ర రంగు మీద బంగారు అక్షరాలతో, వరసగా నిలబడేవి. ఎదుటివాళ్ళకి పుస్తకాల అలమర తమ గదిలోకి నడిచి వచ్చినట్టుండేది. నేను మాత్రం ఒకసారి అట్ట వెనక్కి వెళ్ళి చూసి, "బాబాయ్, లోపల ఏమీ లేదు!" అని అరిచాను. "ఆ మాట బయట అనకే తల్లీ, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

రాబోయే వారం ఏ వీధికి వెళ్ళాలో అనుకున్నప్పుడల్లా మా ముందు రిహార్సల్ వేసేవాడు. నాన్న కొననంటే కొననని మొండికేసే ఇంటాయన. నేను పుస్తకం కావాలని ఏడ్చే పిల్లని. అమ్మ వంటింట్లోంచి వింటూ ఉండేది, చూడటానికి వచ్చేది కాదు.

"మరీ తియ్యగా ఉంది, కాస్త తగ్గించు" అనేది. "చివర్లో గొంతు పెంచకు, అబద్ధంలా వినిపిస్తోంది." తీగ అవతల నుంచి వచ్చే గొంతుల్ని రోజుకి ఎనిమిది గంటలు వినే మనిషి ఆమె. మొహం చూడకుండానే మనిషిని పట్టుకునేది.

ఆ తర్వాతి ఏడాది మా ఇంట్లోకీ ఒక చెక్కపెట్టె వచ్చింది. నాన్న మేకులు పీకి మూత తీయగానే జిగురు వాసన, కొత్త కాగితం వాసన గదంతా నిండాయి. అప్పటికి అచ్చయిన ఆరు సంపుటాలూ ఒకేసారి వచ్చాయి. మిగతా నాలుగు, ఏడాదికి రెండు చొప్పున వస్తాయన్నారు. నాన్న నీటిపంపుల వర్క్‌షాపులో ఫిట్టర్. ఏ పని చేసినా కొలిచి చేసే మనిషి. పది సంపుటాలకి సరిగ్గా సరిపోయే అలమర తనే చేశాడు. ఆరు పెట్టాక మిగిలిన ఖాళీని అరచేత్తో కొలిచి చూసి, "ఇవి రెండేళ్ళలో నిండుతాయి" అన్నాడు.

ఆరో సంపుటం "న"తో అయిపోతుంది. అందులో ఆఖరి మాట న్యూమోనియా. అంచేత మా ఇంట్లో ఏనుగు ఉండేది, ఒంటె ఉండేది, గుర్రం, చిరుత, తిమింగలం, నక్క అన్నీ రంగుబొమ్మలతో ఉండేవి. పులి, మొసలి, సింహం మాత్రం రావాలి. ఒకరోజు క్లాసులో టీచర్ సింహం గురించి అయిదు వాక్యాలు చెప్పమంటే లేచి నిలబడి, "మా ఇంటికి సింహం ఇంకా రాలేదు టీచర్" అన్నాను. ఆ నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ సాయంత్రం నాన్నకి చెబితే ఆయన ఇంకా ఎక్కువ నవ్వాడు. "వస్తుందిలే, దారిలో ఉంది" అన్నాడు.

రోజూ వర్క్‌షాపు నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటూ అడిగేవాడు. "మావాడు వచ్చాడా? ఏడోది తెచ్చాడా?" అమ్మ తువ్వాలు అందిస్తూ "ఇంకా లేదు" అనేది. ఏడాదిన్నర అలా గడిచింది. అప్పుడు కంపెనీ మూతపడిందన్న వార్త వచ్చింది. బాబాయ్ రంగుల దుకాణంలో పనికి చేరాడు. సూట్‌కేస్ ఏమైందో తెలియదు. అలమర ఖాళీలోకి మొదట రేడియో వచ్చింది, తర్వాత అలారం గడియారం, ఆ తర్వాత నాన్న మందుల డబ్బా. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఏడో సంపుటం గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బాబాయ్‌ని ఒక్క మాట అనలేదు. అసలా సంగతే ఎత్తేవాళ్ళం కాదు.

అమ్మ పిలవమన్న మనిషి ఆదివారం పొద్దున పది గంటలకి వచ్చాడు. డెబ్బై దాటాయి. పిన్ని పోయాక ఇంకా సన్నబడ్డాడు. గొడుగు తలుపు వెనక వేలాడదీసి, కాఫీ తాగి, చొక్కా జేబులోంచి పెన్ను తీసుకుని కూర్చున్నాడు.

"ఏంటి వదినా, నన్ను అడిగి పుస్తకాలు కొంటానంటున్నారు? ఒకసారి చాల్లేదా?" అన్నాడు.

"ఉండవయ్యా మరిదీ. మొదట పని కానీ" అంది అమ్మ.

నేను కంప్యూటర్‌లో రెండు కంపెనీల పేజీలూ తెరిచి పెట్టాను. బాబాయ్ రంగురంగుల బొమ్మలవైపు కన్నెత్తి కూడా చూడలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలు తెరవమన్నాడు.

"వీటిని ఎంతమంది చదువుతారంటావ్?"

"ఎవరూ చదవరు బాబాయ్."

"అందుకే నిజం అక్కడ రాస్తారు."

గంటసేపు నేను పైకి చదువుతూనే ఉన్నాను. పెద్ద కంపెనీ నిబంధనల్లో పంతొమ్మిదో అంశం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "అది మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. మీరు కొంటున్నది పుస్తకం కాదు, దాన్ని చదువుకునే అనుమతి మాత్రమే. ఆ అనుమతిని సంస్థ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అదీ దాని సారాంశం. పై పేజీలో మాత్రం బొద్దు అక్షరాలతో "కొనండి" అని ఉంది.

"బయట కొనమంటున్నారు, లోపల అరువంటున్నారు" అన్నాడు బాబాయ్. "మా కంపెనీ పోయింది. పోయినా ఆరు పుస్తకాలు మీ ఇంట్లో మిగిలాయి. వీళ్ళది పోతే ఏం మిగులుతుంది? ఫోన్ చెయ్యి, అడుగుదాం."

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. బాబాయ్ మర్యాదగా, తొందర లేకుండా అడిగాడు. అక్షరం ఎంత పెద్దదవుతుంది, బ్యాటరీ పోతే ఎవరు మారుస్తారు, పాడైతే ఎన్నాళ్ళకి వస్తుంది. ఆ అమ్మాయి గడగడా చెప్పుకుపోయింది. అమ్మ కళ్ళు మూసుకుని తల కాస్త పక్కకి వంచి వింటోంది. ఎక్స్ఛేంజ్‌లో ఆమె అలాగే కూర్చునేదని నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు టిఫిన్ బాక్స్ ఇవ్వడానికి వెళ్ళి కిటికీలోంచి చూసేదాన్ని.

"చదువుతోంది," అమ్మ మెల్లిగా నాతో అంది. "మాట్లాడటం లేదు. ఎదురుగా కాగితం ఉంది."

"చివరగా ఒక్కటమ్మా," అన్నాడు బాబాయ్. "ఒకవేళ రేపు మీ కంపెనీ మూతపడితే మా వదిన కొనుక్కున్న పుస్తకాల సంగతేంటి?"

"అలాంటిదేం జరగదు సార్. మా కంపెనీ ఎక్కడికీ పోదు సార్. మీరు పూర్తి నమ్మకంతో కొనుక్కోవచ్చు సార్."

బాబాయ్ చెయ్యి చాచి ఫోన్ కట్ చేశాడు. ఆ చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"ఏంటి బాబాయ్?"

"ఆ మాట నాదే" అన్నాడు. "అక్షరం పొల్లుపోకుండా నాదే. మా కంపెనీ ఎక్కడికీ పోదండీ అని ఎన్ని గుమ్మాల ముందు చెప్పానో."

"నీకప్పుడు తెలియదు కదా."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి.

"తెలుసే తల్లీ. ఆరో సంపుటం నెల ఆలస్యంగా వచ్చింది. విప్పి చూస్తే మధ్యలో కుట్టు లేదు. అంతకుముందు అయిదింటికీ దారంతో కుట్టేవాళ్ళు. దీనికి ఉత్త జిగురు పూసి అతికించారు. కాగితం కూడా పలచన. పుస్తకాలు అమ్మేవాడికి అది తెలియదా? ఆఫీసులో అడిగితే నోరు మూసుకుని పని చేసుకోమన్నారు. నెలకి ఇన్ని ఇళ్ళని లెక్క ఉండేది, అది తప్పితే ఇంటికి పంపేస్తామన్నారు. ఆ తర్వాత పదకొండు ఇళ్ళకి అమ్మాను. కంపెనీ పోయాక పది ఇళ్ళకీ నడిచి వెళ్ళి, తెలిసే అమ్మానని చెప్పాను. ఒకాయన తలుపు మొహం మీద వేశాడు. ఒకావిడ మంచినీళ్ళిచ్చి పంపింది. పదకొండో ఇంటికి మాత్రం చెప్పలేకపోయాను. రోజూ అన్నం తినే ఇల్లది."

ఆ చెక్కపెట్టె ఆరో సంపుటం తర్వాతే మా ఇంటికి వచ్చిందన్న సంగతి నాకు అప్పుడు వెలిగింది.

"అన్నయ్య తనే తీసుకుంటానన్నాడు. నాకు లెక్క తగ్గిందని ఎలా తెలిసిందో ఏమో. వద్దని చెప్పాల్సింది. నోట్లోంచి మాట రాలేదు. ఫారం తీసి సంతకం పెట్టించుకున్నాను. అన్నయ్య పోయే రోజు వరకూ చెబుదామనే అనుకున్నాను వదినా."

"ఆయనకి చెప్పింది నేనే" అంది అమ్మ.

బాబాయ్ తలెత్తాడు.

"నీకు లెక్క తగ్గిందనీ, ఈ నెల ఒకటి మనం తీసుకుందామనీ నేనే చెప్పాను. నువ్వు జిగురు చూసి తెలుసుకున్నావు. నాకు అంతకు ముందే తెలుసు. మీ హెడ్ ఆఫీస్‌కి ట్రంక్ కాల్ నా బోర్డు మీదే కదా వెళ్ళేది. కాగితం మిల్లువాడు రోజూ చేసేవాడు. మొదట గట్టిగా అరిచేవాడు. తర్వాత బతిమాలేవాడు. ఆ తర్వాత అసలు చేయడమే మానేశాడు. అప్పుడే అనుకున్నాను, అయిపోయిందని."

"తెలిసి కొన్నారా?" అన్నాడు బాబాయ్.

"ఆరు చేతికి వస్తున్నాయి కదా. ఆరుకే కొన్నాను. రాబోయే నాలుగూ ఎప్పుడూ కొనలేదు నేను. నీ ఉద్యోగం ఇంకో రెండు నెలలు నిలబడితే చాలనుకున్నాను."

బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాలని కాదు. నేను మాత్రం కుర్చీలోంచి లేచాను. నాకు గ్రీజు చేతులు కడుక్కుంటున్న నాన్న కనిపిస్తున్నాడు.

"మరి నాన్న? ఏడాదిన్నర అడిగాడమ్మా రోజూ. తువ్వాలు అందిస్తూ 'ఇంకా లేదు' అనేదానివి. పక్కనే ఉండి..."

అమ్మ కళ్ళు తెరిచింది.

"ఉద్యోగంలో చేరినరోజు సంతకం పెట్టాను. తీగ మీద విన్నది ప్రాణం పోయినా బయటికి చెప్పనని. అది ఒక కారణం. ఇంకొకటీ ఉంది. చెబితే ఆయన తమ్ముణ్ణి నిలదీసేవాడు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేవాళ్ళు. నేను రెండూ తూచుకున్నాను. తప్పే అయ్యుండొచ్చు. కానీ కంపెనీ పోయిందని తెలిసిన రోజు ఆయన ఏమన్నాడో తెలుసా? 'పోన్లే, నక్క దాకా వచ్చాం' అన్నాడు. అని, రేడియో తెచ్చి ఆ ఖాళీలో పెట్టాడు."

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను. కడగాల్సినవి రెండే ఉన్నాయి. కడిగినవాటినే మళ్ళీ కడిగాను. కోపమో మరేదో చెప్పలేను. హాల్లో వాళ్ళిద్దరి మాటలూ మెల్లిగా వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి బాబాయ్ పెద్దగా నవ్వాడు. "ఆ కాగితం మిల్లువాడిది ఎలాంటి గొంతు వదినా?" "ఎద్దుకి జలుబు చేసినట్టు ఉండేదయ్యా." నేను చీర కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి ఇద్దరూ మళ్ళీ కంప్యూటర్ ముందుకి వంగి ఉన్నారు, ఇద్దరికీ అందులో ఏమీ కనిపించడం లేదు.

"రావే, చదివిపెట్టు," అంది అమ్మ. "వీళ్ళు ఏం చేస్తామంటున్నారో వద్దు. ఇవాళ కొంటే ఇవాళ ఏం చేతికి వస్తుందో అది చూడు. కంపెనీ రేపు లేకపోయినా ఆ వస్తువు నాకు పుస్తకం చూపిస్తుందా? అదొక్కటే కావాలి నాకు."

ఆ ప్రశ్నకి కంప్యూటర్‌లో జవాబు దొరకలేదు. మంగళవారం నేను సెలవు పెట్టాను. ముగ్గురం షాపుకి వెళ్ళాం.

అదొక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపు. టీవీలన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఈ-రీడర్ల బల్ల లోపల మూలన, వాషింగ్ మెషీన్ల వెనక ఉంది. రెండు కంపెనీల పరికరాలూ పక్కపక్కనే తాళ్ళతో కట్టి ఉన్నాయి. చిన్న కంపెనీ తరఫున వారానికొకసారి వచ్చే మనిషి ఆ రోజు అక్కడే ఉన్నాడు. నడివయసు, మెడలో కార్డు, రోజంతా నిలబడి ఒక కాలు మీదనుంచి ఇంకో కాలు మీదకి బరువు మార్చుకుంటున్నాడు. బాబాయ్ ఆ కాళ్ళనే చూశాడు ముందు.

"కూర్చోనివ్వరా?" అని అడిగాడు.

"స్టూలు ఉందండీ, కస్టమర్ వస్తే లేవాలి" అన్నాడాయన నవ్వుతూ.

మొదట పెద్ద కంపెనీది చూశాం. అందులో ఒక తెలుగు పుస్తకం తెరిచి అక్షరం పెంచుకుంటూ పోయాను. అక్షరం పెరిగింది గానీ, ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై మూడు చోట్ల కూర్చుంది. అమ్మ కళ్ళు దగ్గర పెట్టి చూసి, "ఇదేంటే, ఈవిడకి కాళ్ళూ చేతులూ వేరయ్యాయి" అంది.

చిన్న కంపెనీది తీసుకున్నాను. అదే పుస్తకం, అదే పేజీ. అక్షరం పెంచాను. వేలెడంత అయింది. ఒత్తు అక్షరం కిందే ఉంది. గుడి దీర్ఘం చెక్కుచెదరలేదు. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొహాన్ని కొంచెం పక్కకి తిప్పి, కంటి అంచుతో చూసింది. ఒక వాక్యం చదివింది. ఆగకుండా ఇంకొకటి చదివింది. షాపు మధ్యలో, అంత మోతలో, పేరా మొత్తం పైకి చదివేసింది. ఆమె ఆపేదాకా మేమెవ్వరం కదల్లేదు.

బాబాయ్ మాత్రం మెత్తబడలేదు. ఆ మనిషి వైపు తిరిగాడు.

"బాగానే ఉంది. మీ కంపెనీ మూతపడిందనుకోండి. ఇది పని చేస్తుందా?"

ఆ మనిషి చేతిలో కరపత్రం తిరగేశాడు. అందులో ఉండదని ఆయనకీ తెలుసు.

"తెలీదండి" అన్నాడు. "నన్నెవరూ ఇంతవరకు అడగలేదు. కనుక్కుని చెప్తాను. ఇవాళ మాత్రం కొనకండి మరి."

ఆ మాటకి బాబాయ్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నంబరు రాసిచ్చి వచ్చేశాం. దారిలో అమ్మ అంది, "ఆ మనిషి మాట్లాడాడు. చదవలేదు."

"అమ్మడం రాదు పాపం" అన్నాడు బాబాయ్. "నెల లెక్క ఎలా తెస్తాడో."

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నేను షాపులో ఉన్నాను. అమ్మే ఎత్తింది. సాయంత్రం నేను వచ్చేసరికి విన్నదంతా వరసగా అప్పజెప్పింది. ఆయన కంపెనీలో ముగ్గుర్ని అడిగాడట. పరికరానికి ఖాతా తెరవక్కర్లేదు, ఇంటర్నెట్ లేకుండానే చదువుతుంది. కాపీ చేసుకోనిచ్చే, తాళం లేని పుస్తకాల ఫైళ్ళు ఎక్కడివైనా కంప్యూటర్‌లోంచి తీగతో ఎక్కించుకోవచ్చు. కంపెనీ ఉన్నా లేకపోయినా అవి ఉంటాయి. వెనక నాలుగు స్క్రూలు తీస్తే బ్యాటరీ బయటికి వస్తుంది, మామూలు రిపేరు షాపులోనే మార్చుకోవచ్చు.

"ఇంకా ఏమన్నాడు?"

"వాళ్ళ స్టోర్‌లో కొన్న పుస్తకాలకి తాళం ఉంటుందట. కంపెనీ పోతే ఆ తాళం తెరుచుకుంటుందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేదట. 'అందుకని పెద్దమ్మా, పరికరం కొనుక్కోండి, పుస్తకాలు మాత్రం తాళం లేకుండా ఇచ్చే ప్రచురణకర్తల దగ్గరే కొనుక్కోండి' అన్నాడు. వాళ్ళ కంపెనీవాడే!"

అదే రాత్రి భోజనం దగ్గర ఖాయం చేసుకున్నాం. పరికరాన్ని నమ్మాం. ఆ ఫోన్ చేసిన మనిషిని నమ్మాం. కంపెనీని నమ్మాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాం. నేను కొనే ప్రతి పుస్తకాన్నీ ముందు నా కంప్యూటర్‌లో ఒక కాపీ, ఇంకో చిన్న డ్రైవ్‌లో ఒక కాపీ దాచి, ఆ తర్వాతే అమ్మకి ఎక్కిస్తున్నాను. కొద్దిగా చాదస్తమే. బాబాయ్ మాత్రం వచ్చినప్పుడల్లా దాచావా లేదా అని అడుగుతాడు.

ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. ఎన్నాళ్ళు ఉంటుందో తెలీదు.

మొదటి నవల అమ్మ తొమ్మిది రోజుల్లో పూర్తిచేసింది. స్క్రీన్ మీద ఒకేసారి ఇరవై మాటలకన్నా పట్టవు, అందుకని పేజీలు తిప్పుతూనే ఉంటుంది. "మూడొందల పేజీల పుస్తకం మూడువేల పేజీలైంది, డబ్బులు గిట్టాయి" అంటుంది. రెండో నవల సగంలో ఉండగా బాబాయ్ తన కళ్ళకీ మసక వస్తోందని నా షాపుకి వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. ఆయనది వట్టి శుక్లం, ఆపరేషన్‌తో పోతుంది. అప్పటిదాకా చదువుకోవడానికి రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వస్తున్నాడు.

నిన్న నేను వచ్చేసరికి కిటికీ దగ్గర గొడవ జరుగుతోంది.

"నా అక్షరం ఎవరు తగ్గించారు?" అంది అమ్మ.

"అంత పెద్దగా ఉంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి వదినా. పేజీకి ఇరవై మాటలేంటి, కరపత్రం చదివినట్టు!"

"నీ సొంతం కొనుక్కోవయ్యా."

"కొంటాను. రేపు మంగళవారమే కదా, ఆయన వస్తాడు షాపుకి. అమ్మాయ్, నాతో వస్తావా?"

వస్తానన్నాను. అమ్మ పరికరం లాక్కుని, తన పేజీ వెతుక్కుంటూ, పక్కకి తిరిగి కూర్చుంది.